సర్టిఫికెట్ ఉంది కదా, కుబెర్నెటీస్ ఏపీఐ సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచవచ్చా?

కావలి నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒక చిన్న బృందం రొయ్యల చెరువుల్లోని సెన్సర్ల నుంచి సమాచారం సేకరించే సాఫ్ట్‌వేర్ నడుపుతోంది. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న మూడు మెషీన్ల మీద కే3ఎస్ క్లస్టర్ ఉంది. కుబెర్నెటీస్ అంటే అనేక మెషీన్లను (నోడ్లను) ఒక క్లస్టర్‌గా కలిపి వాటి మీద ప్రోగ్రాములు నడిపించే సాఫ్ట్‌వేర్, కే3ఎస్ దాని తేలికపాటి రూపం. ఆ క్లస్టర్‌కు ఆదేశాలన్నీ అందుకునే ఏపీఐ సర్వర్ పోర్టు (మామూలుగా 6443) బయటికి తెరిచే ఉంది. "సర్టిఫికెట్ లేనిదే ఎవరూ లోపలికి రాలేరు, 6443కు బదులు వేరే పోర్టు నంబరు కూడా పెట్టాం, ఇది చాలదా? ఆఫీసు ఐపీకి మాత్రమే అనుమతి ఇద్దామంటే అది తరచూ మారుతోంది. శని, ఆదివారాలు కందుకూరులో ఇంటి నుంచి ఫోను హాట్‌స్పాట్‌తో పని చేయాలి. వచ్చే నెల చెన్నై నుంచి ఒక కాంట్రాక్టు డెవలపర్‌కు రెండు వారాలు ప్రవేశం కూడా ఇవ్వాలి" అని అడిగారు.

చాలదు. ఏపీఐ సర్వర్ పోర్టును ఇంటర్నెట్ వైపు పూర్తిగా మూసేయండి. మనుషులు వైర్‌గార్డ్ (పరికరాల మధ్య గుప్త దారి వేసే వీపీఎన్) టన్నెల్ గుండా, నోడ్లు ప్రైవేటు నెట్‌వర్క్ గుండా మాత్రమే దాన్ని చేరాలి. సర్టిఫికెట్లు, ఆర్‌బ్యాక్ (ఎవరు ఏం చేయవచ్చో చెప్పే నియమాలు) అనుమతులు ఎప్పటిలాగే ఉంటాయి. టన్నెల్ వాటికి బదులు కాదు, వాటికి ముందు నిలబడే గేటు. ఐపీ మారుతోందన్న మీ ఇబ్బంది కూడా ఇందులోనే తీరిపోతుంది. మూడు నోడ్ల క్లస్టర్‌కు ఇది ఒక సాయంత్రం పని.

నేను నెల్లూరులో ఉంటూ చాలా ఏళ్లుగా చిన్న, మధ్యతరహా సంస్థల సర్వర్లు చూసుకుంటున్నాను. సర్టిఫికెట్ ఉంది కాబట్టి భయం లేదన్న మాట ఒకప్పుడు నేనూ అన్నాను. ఎందుకు మానుకున్నానో చెబుతాను.

రెండు ప్రశ్నలను మనం కలిపేస్తుంటాం. తలుపు తట్టగలిగేది ఎవరు? తలుపు తీసుకుని లోపలికి రాగలిగేది ఎవరు? సర్టిఫికెట్ రెండోదానికే జవాబు. మొదటిదాన్ని వదిలేస్తే ప్రపంచంలో ఎవరైనా వచ్చి తట్టవచ్చు. ఆ తట్టినవాడి మాట విని, వాడు పనికొస్తాడో లేదో తేల్చేది కూడా ఏపీఐ సర్వర్ ప్రోగ్రామే. అంటే కాపలాదారుడూ ఖజానా అధికారీ ఒకరే అన్నమాట. ఆ ప్రోగ్రాములో లోపం ఉంటే సర్టిఫికెట్ ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు.

ఇది ఊహ కాదు. 2018 డిసెంబరులో బయటపడిన సీవీఈ-2018-1002105 అనే నంబరున్న భద్రతా లోపం సరిగ్గా ఇలాంటిదే. కొన్ని రకాల అభ్యర్థనలను ఏపీఐ సర్వర్ వెనకనున్న సేవలకు అందించేటప్పుడు ఆ కనెక్షన్‌ను తెరిచి ఉంచేసేది. దాని మీదుగా తర్వాత పంపే అభ్యర్థనలు ఏపీఐ సర్వర్ సొంత అధికారంతో వెనకకు వెళ్లిపోయేవి. అప్పటి సాధారణ అమరికలో, మెట్రిక్స్ సర్వర్ (వనరుల వాడకం లెక్కలు ఇచ్చేది) లాంటి అదనపు ఏపీఐలు ఉన్న క్లస్టర్లలో, ఏ గుర్తింపూ లేనివాడు కూడా ఆ దారి పట్టగలిగేవాడు. ఆ రాకపోకలు ఆడిట్ లాగుల్లో (ఎవరేం చేశారో రాసే చిట్టాల్లో) కూడా కనిపించేవి కావు. 1.10.11, 1.11.5, 1.12.3 వెర్షన్లలో సరిచేశారు. ఆ వారం బయటికి తెరిచి ఉన్న క్లస్టర్ల వాళ్లు రాత్రికి రాత్రి అప్‌గ్రేడ్ చేయాల్సి వచ్చింది. గేటు వెనక ఉన్నవాళ్లూ అప్‌గ్రేడ్ చేయక తప్పలేదు, కాకపోతే ఊపిరి పీల్చుకుని, ముందు పరీక్షించి చేశారు. గేటు ఇచ్చేది ఆ వ్యవధి.

ఇంకొక సంగతి. కుబెర్నెటీస్ సాధారణ అమరికలో అనామక అభ్యర్థనలను మొదటే తోసిపుచ్చదు, వాటికి ఒక అనామక వినియోగదారు పేరు పెట్టి లోపలికి తీసుకుంటుంది. చాలా క్లస్టర్లలో ఆ అనామకుడు వెర్షన్ ఏమిటో, సర్వర్ ఆరోగ్యంగా ఉందో లేదో చదవగలడు. వెర్షన్ తెలిస్తే ఏ లోపం పని చేస్తుందో తెలుస్తుంది. 2022లో షాడోసర్వర్ ఫౌండేషన్ అనే భద్రతా సంస్థ ఇంటర్నెట్‌ను గాలించినప్పుడు 4,50,000కు పైగా కుబెర్నెటీస్ ఏపీఐ సర్వర్లు కనిపించాయి, వాటిలో 3,80,000కు పైగా అనామక అభ్యర్థనకు సరైన జవాబే ఇచ్చాయి. అవన్నీ కొల్లగొట్టదగినవని అర్థం కాదు, ఆ సంస్థ కూడా ఆ మాటే చెప్పింది. కానీ అవన్నీ ఎవరి జాబితాలోనో ఇప్పటికే చేరి ఉంటాయి.

పోర్టు నంబరు మార్చడం రక్షణ కాదు. టీఎల్ఎస్ (గుప్త కనెక్షన్) కలిసేటప్పుడు మీ సర్వర్ తన సర్టిఫికెట్‌ను అడిగిన ప్రతివారికీ చూపిస్తుంది. అందులో కుబెర్నెటీస్ అన్న పేరు, క్లస్టర్ లోపలి డొమైన్, తరచుగా మీ నోడ్ల లోపలి ఐపీలు కూడా రాసి ఉంటాయి. ఏ నంబరు మీద ఉన్నా గాలించేవాడికి అది తన ఊరూ పేరూ చెప్పేస్తుంది. మార్చిన నంబరును మళ్లీ 6443కే తెచ్చేయండి, రేపు కొత్తగా చేరినవాళ్లకు తికమక తగ్గుతుంది.

ఇప్పుడు నా మనసు మార్చిన అసలు ఘటన. ఒంగోలు ప్రాంతంలో గ్రానైట్ ఎగుమతి చేసే ఒక సంస్థకు మేం క్లస్టర్ నిర్వహిస్తుండేవాళ్లం. బృందంలో ఒకతను ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయాడు. మంచివాడు, పనిమంతుడు. నాలుగు నెలల తర్వాత మాటల్లో తెలిసింది, అడ్మిన్ కుబ్‌కాన్ఫిగ్ ఫైలు (క్లస్టర్ చిరునామా, ప్రవేశ సర్టిఫికెట్ ఉండేది) కాపీ ఒకటి అతని సొంత ల్యాప్‌టాప్‌లో ఉండిపోయిందని. ఆ ల్యాప్‌టాప్ మధ్యలో రెండుసార్లు రిపేరు షాపుకు వెళ్లొచ్చిందని కూడా చెప్పాడు. దాచకుండా చెప్పినందుకు అతనికి ఇప్పటికీ కృతజ్ఞుణ్ని.

ఆ సర్టిఫికెట్ గడువుకు ఇంకా ఎనిమిది నెలలు ఉంది. రద్దు చేద్దామని కూర్చున్నాం. కుబెర్నెటీస్‌లో ఒకసారి ఇచ్చిన క్లయింట్ సర్టిఫికెట్‌ను విడిగా రద్దు చేసే వీలు లేదు. రద్దయిన సర్టిఫికెట్ల జాబితాను ఏపీఐ సర్వర్ చూడదు. పోనీ అనుమతులు తీసేద్దామంటే ఆ ఫైలు సిస్టమ్-మాస్టర్స్ అనే వర్గానిది. ఆ వర్గానికి ఆర్‌బ్యాక్ నియమాలు వర్తించవు, ఏ బైండింగ్ (అనుమతిని వ్యక్తికో వర్గానికో ముడిపెట్టే నమోదు) తొలగించినా దాని అధికారం తగ్గదు. మిగిలింది ఒకటే దారి, మూల సర్టిఫికెట్ అధికారాన్నే (సర్టిఫికెట్లన్నిటికీ సంతకం చేసే మూల తాళంచెవిని) మార్చేయడం. శనివారం రాత్రి పదింటికి మొదలుపెట్టి ప్రతి నోడ్‌నూ కొత్తగా కలుపుకుంటూ, ప్రతి సేవనూ పైకి తెచ్చుకుంటూ పాలపాకెట్లు వచ్చే వేళకు ముగించాం. ఆ రాత్రంతా పోర్టు 6443 ఇంటర్నెట్‌కు తెరిచే ఉంది. అదే మూసి ఉంటే ఆ ఫైలు ఎవరి చేతిలో పడ్డా దాంతో తట్టడానికి తలుపే ఉండేది కాదు. సోమవారం తీరిగ్గా మార్చుకునేవాళ్లం.

కే3ఎస్ తనంతట తాను తయారుచేసే అడ్మిన్ ఫైలు కూడా ఆ వర్గానిదే. మీ బృందంలో ఆ ఒక్క ఫైలునే అందరూ పంచుకుంటున్నారని నా అనుమానం. అవునైతే ఈ జవాబులో మీరు అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సింది అదే.

వైర్‌గార్డ్‌ను ఎంచుకోవడానికి నాకు రెండు కారణాలు. ఒకటి, అది మనిషిని ఐపీని బట్టి కాక తాళంచెవిని బట్టి గుర్తిస్తుంది. కావలి ఆఫీసులో ఉన్నా, కందుకూరులో ఫోను హాట్‌స్పాట్ మీద ఉన్నా, నడుస్తున్న బస్సులో టవరు మారినా మీ పరికరం మీ పరికరమే. ఐపీల అనుమతి జాబితా మన దగ్గర ఎందుకు నిలవదో మీకే అర్థమై ఉంటుంది. ఫోను నెట్‌వర్కుల్లో ఒకే బయటి ఐపీని ఎందరో చందాదారులు పంచుకుంటారు. ఈ పూట మీదైన ఐపీకి తలుపు తీశారంటే దాని వెనకనున్న అపరిచితులందరికీ తీసినట్టే. రెండు, సరైన తాళంచెవి లేని ప్యాకెట్‌కు వైర్‌గార్డ్ అసలు జవాబే ఇవ్వదు. గాలించేవాడికి అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియదు. ఎవరైనా వెళ్లిపోతే వాళ్ల పరికరం పేరున ఉన్న నాలుగు వరుసలు తొలగించి అమరికను మళ్లీ లోడ్ చేస్తే చాలు, ఆ క్షణం నుంచే ప్రవేశం ఆగుతుంది. సర్టిఫికెట్‌తో కుదరని రద్దు ఇక్కడ కుదురుతుంది.

మా జిల్లాలో చెరువు కింద వ్యవసాయం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. కట్ట ఎంత ఎత్తు పోసినా నీళ్లు వదిలేది తూము దగ్గరే, ఆ తూము ఎవరి చేతిలో ఉందన్నదే ఊరంతటి లెక్క.

అమరికలో కొన్ని విషయాలు. వైర్‌గార్డ్‌ను క్లస్టర్ లోపల పాడ్‌గా (క్లస్టర్ నడిపే ప్రోగ్రాము యూనిట్‌గా) నడపకండి. క్లస్టర్ పడిపోయిన రోజే మీకు ఆ దారి కావాలి, దాంతోపాటే దారి కూడా పడిపోతే ఎలా? అదే ప్రైవేటు నెట్‌వర్క్‌లో అతి చిన్న మెషీన్ ఒకటి విడిగా తీసుకోండి. బయటికి తెరవాల్సింది దాని యూడీపీ పోర్టు ఒక్కటే, మామూలుగా 51820. టన్నెల్‌లోకి క్లస్టర్ ప్రైవేటు ఐపీల శ్రేణిని మాత్రమే మళ్లించండి, మీ ఫోనులోని మిగతా రాకపోకలన్నీ దాని గుండా పోనవసరం లేదు. మొబైల్ డేటా మీద టన్నెల్ కలిసినట్టే కలిసి, కుబెక్టల్ (క్లస్టర్‌కు ఆదేశాలిచ్చే సాధనం) ఆదేశాలు మాత్రం జవాబు రాక ఆగిపోతుంటే టన్నెల్ ఎంటీయూను (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణాన్ని) 1280కి తగ్గించి చూడండి. మా వాళ్లలో ముగ్గురికి అదే మందు పని చేసింది.

తర్వాత కుబ్‌కాన్ఫిగ్ ఫైలులో సర్వర్ చిరునామాను నోడ్ ప్రైవేటు ఐపీకి మారుస్తారు. అప్పుడు సర్టిఫికెట్ ఈ చిరునామాకు చెల్లదని తప్పు చూపించవచ్చు. ఆ క్షణంలో చిరాకుతో సర్టిఫికెట్ తనిఖీని ఆపేసే ఎంపిక పెట్టకండి. కే3ఎస్‌లో టీఎల్ఎస్-శాన్ అనే అమరిక ఉంది, ఆ ఐపీనో పేరునో అందులో చేర్చి సర్వీసును మళ్లీ మొదలుపెడితే సర్టిఫికెట్‌లో అదీ చేరుతుంది. తనిఖీ ఆపేసిన ఫైలు ఒకటి తయారైతే అది కాపీల మీద కాపీలై ఏళ్ల తరబడి తిరుగుతుంది. ఆరేళ్ల నాటి అలాంటి ఫైలును నేను ఈమధ్యే ఒకచోట తొలగించాను.

ఇక పోర్టు మూసేటప్పుడు జరిగే ప్రమాదం. ఇక్కడ నిదానించండి. ఏపీఐ సర్వర్‌ను వాడేది మనుషులే అనుకుంటాం, కానీ దాన్ని పగలూ రాత్రీ వాడేవి నోడ్లు. ఒకసారి ఒక పెద్ద క్లౌడ్ మీద, క్లౌడ్ సంస్థే నడిపించే క్లస్టర్‌కు అనుమతి జాబితా పెట్టాను. నోడ్లు రెండు సబ్‌నెట్లలో (నెట్‌వర్క్ విభాగాల్లో) ఉన్నాయి, వాటి బయటి చిరునామాలు వేర్వేరు. నేను ఒకదాన్నే జాబితాలో రాశాను. నిమిషం తిరగకుండా రెండో సబ్‌నెట్ నోడ్లన్నీ సిద్ధంగా లేవన్న స్థితికి వెళ్లాయి. ఐదు నిమిషాలకు వాటి మీది పాడ్లను మిగిలిన నోడ్ల మీద కొత్తగా సృష్టించడం మొదలైంది. అక్కడ మెమరీ చాలక సగం పాడ్లు ఎటూ కాకుండా నిలబడిపోయాయి. తప్పు నాదే, జాబితా సరిచేయగానే అన్నీ కుదుటపడ్డాయి, కానీ ఆ పావుగంట వాళ్ల బిల్లింగ్ ఆగింది. మీరు రేపు ఇలాంటి క్లస్టర్‌కు మారితే ముందు ప్రైవేటు ఎండ్‌పాయింట్‌ను (ఏపీఐ సర్వర్‌ను లోపలి నుంచి చేరే చిరునామాను) తెరిచి, నోడ్లు దాని గుండానే వెళుతున్నాయని చూసుకుని, ఆ తర్వాతే బయటి దారి మూయండి. అమెజాన్ నడిపించే కుబెర్నెటీస్ సేవ ఈకేఎస్‌లో ప్రత్యేకంగా మార్చకపోతే బయటి ఎండ్‌పాయింట్ తెరిచి, ప్రైవేటు ఎండ్‌పాయింట్ మూసి ఉంటాయి. అంటే నోడ్లు కూడా బయటి దారినే వాడుతుంటాయి.

మీ కే3ఎస్‌లో కూడా ఏజెంట్ నోడ్లు సర్వర్‌తో 6443 మీదే మాట్లాడతాయి. అవి ఏ ఐపీతో చేరాయో చూడండి. బయటి ఐపీతో చేరి ఉంటే ముందు వాటిని ప్రైవేటు ఐపీకి మార్చాలి. నోడ్ల మధ్య 10250, పాడ్ల మధ్య నెట్‌వర్క్ వేసే ఫ్లానెల్ వాడే యూడీపీ 8472, ఎట్‌సీడీ ఉంటే 2379, 2380 కూడా ప్రైవేటు నెట్‌వర్క్‌లోనే తెరిచి ఉండాలి, బయటికి ఒక్కటీ కనపడకూడదు. 6443ను మూసి 2379ను మరిచిపోయిన వాళ్లున్నారు. ఎట్‌సీడీ అంటే క్లస్టర్ జ్ఞాపకమంతా అదే, రహస్యాలతో సహా.

మూసే నియమాన్ని క్లౌడ్ ఫైర్‌వాల్‌లోనూ, మెషీన్ ఫైర్‌వాల్‌లోనూ రెండుచోట్లా రాయండి. మెషీన్ మీది యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఏపీఐ సర్వర్ పోర్టును ఆపగలదు. నోడ్‌పోర్ట్ సేవలను (నోడ్ల పోర్టుల మీద బయటికి తెరిచినవాటిని) మాత్రం ఆపినట్టు కనిపించినా ఆపదు, రాకపోకలను పాడ్లకు చేర్చే కుబ్-ప్రాక్సీ నియమాలు వాటిని ముందే మళ్లించేస్తాయి. క్లౌడ్ ఫైర్‌వాల్‌కు ఆ ఇబ్బంది లేదు. మెషీన్ ఫైర్‌వాల్ నియమాలు మార్చే ముందు, పది నిమిషాల్లో పాత నియమాలు వాటంతటవే తిరిగి వచ్చేలా ఒక పనిని షెడ్యూలు చేసి పెట్టుకోండి. అంతా బాగుంటే దాన్ని రద్దు చేయవచ్చు. బయటికి గెంటేసుకుంటే పది నిమిషాలు ఆగితే చాలు.

ఐపీవీ6ను మరవకండి. ఐపీవీ4 మీద అన్నీ బిగించి, మెషీన్‌కు ఐపీవీ6 చిరునామా కూడా ఉన్న సంగతి మరిచిన సందర్భాలు నేను చాలా చూశాను. టన్నెల్ ఆపేసి, ఆఫీసు వైఫై నుంచి కాక ఫోను మొబైల్ డేటా నుంచి, రెండు రకాల చిరునామాల మీదా తట్టి చూడండి. రెండుచోట్లా నిశ్శబ్దమే జవాబు కావాలి.

రెండో దారి కూడా ఉంచుకోండి. మన తీరంలో నవంబరు, డిసెంబరు అంటే తెలిసిందే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ పోయింది, కరెంటు పోయింది. అప్పట్లో ఒక క్లస్టర్‌కు ఆఫీసు స్థిర ఐపీ నుంచి తప్ప ప్రవేశం లేదు. సర్వర్లు క్షేమంగా నడుస్తున్నాయి, మేమే వాటిని చూడలేని స్థితి. ఆ తర్వాతే ఐపీ జాబితాలు వదిలి పూర్తిగా వైర్‌గార్డ్‌కు మారాం. దానికి తోడు క్లౌడ్ ఖాతాలో బ్రౌజరు నుంచి తెరుచుకునే కన్సోల్‌ను ఇద్దరికి అందుబాటులో ఉంచాం, రెండంచెల లాగిన్‌తో. టన్నెల్ చెడిపోయిన రోజు అదే ఆధారం.

మీకొక ధైర్యం కూడా చెప్పాలి. మీరు ఏపీఐ సర్వర్‌ను చేరలేకపోయినంత మాత్రాన నడుస్తున్న పాడ్లు ఆగవు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయే వేళకు మీ హెచ్చరిక రైతుకు వెళుతూనే ఉంటుంది. అందుకే ఈ మార్పుకు భయపడి వాయిదా వేయకండి. జాగ్రత్త పడాల్సింది నోడ్ల దారి తెగకుండా.

లోపలి నుంచి వచ్చే ముప్పును క్లుప్తంగా చెబుతాను. సెన్సర్ల సమాచారం అందుకునే మీ పాడ్ ఇంటర్నెట్‌కు తెరిచే ఉండాలి, తప్పదు. దాన్ని ఎవరైనా లొంగదీసుకుంటే వాళ్లు గేటు లోపలే ఉన్నట్టు. ఆ పాడ్‌కు ఏపీఐతో పని లేకపోతే సర్వీస్ అకౌంట్ (ప్రోగ్రాముల కోసం ఉండే ఖాతా) టోకెన్ దానంతటదే అమరకుండా ఆపేయండి. డిఫాల్ట్ సర్వీస్ అకౌంట్‌కు ఎవరైనా క్లస్టర్-అడ్మిన్ అధికారం ఇచ్చారేమో ఈ రోజే వెతకండి. ఏదో పాఠం చూసి ఒకనాడు తొందరలో ఇచ్చి మరిచిపోయిన బైండింగులు నాకు ఎన్నోచోట్ల దొరికాయి. నెట్‌వర్క్ పాలసీతో (పాడ్ల రాకపోకలకు హద్దు పెట్టే నియమంతో) ఆ పాడ్ నుంచి ఏపీఐకి దారి కూడా మూయవచ్చు, కే3ఎస్‌లో ఆ పాలసీని అమలు చేసే భాగం ముందే ఉంది. పాలసీ రాసేటప్పుడు సర్వీసు ఐపీని కాదు, నోడ్ల అసలు ఐపీలను, 6443ను లెక్కలోకి తీసుకోండి. ఎక్కువగా సర్వీసు ఐపీ నోడ్ ఐపీగా మారాకే నియమం పరీక్షకు వస్తుంది.

కొత్త కోడ్‌ను బయటి బిల్డు సేవ నుంచి నేరుగా క్లస్టర్‌లోకి తోస్తుంటే, పోర్టు మూయగానే అది ఆగిపోతుంది. దాని కోసం మళ్లీ కన్నం పెట్టకండి. ఫ్లక్స్ లేదా ఆర్గో సీడీని (కోడ్ మార్పులను గమనించి అమలు చేసే సాధనాలు) క్లస్టర్ లోపల పెడితే మార్పులను అదే బయటికి వెళ్లి తెచ్చుకుంటుంది, లోపలికి దారి అక్కర్లేదు.

ఇక చెన్నై డెవలపర్ సంగతి. మీ అడ్మిన్ ఫైలు ఆయనకు ఇవ్వకండి, ఒక్క రోజుకైనా. ఆయన ల్యాప్‌టాప్‌కు వైర్‌గార్డ్‌లో విడిగా ఒక పీరు (అనుమతి ఉన్న పరికరం నమోదు) చేర్చండి. తాళంచెవుల జత ఆయనే తయారుచేసుకుని, బహిరంగ చెవిని మాత్రమే మీకు పంపాలి. క్లస్టర్‌లో ఆయన పనిచేసే నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లోని ఒక విభాగం) వరకే అధికారం ఉన్న సర్వీస్ అకౌంట్ ఒకటి సృష్టించి, కొన్ని గంటల గడువున్న టోకెన్ ఇవ్వండి. రోజూ ఉదయం కొత్తది ఇవ్వడం కాస్త శ్రమే, రెండు వారాలే కదా. సర్టిఫికెట్‌కూ దీనికీ తేడా ఏమిటంటే, ఆ సర్వీస్ అకౌంట్‌ను తొలగించగానే టోకెన్ చెల్లకుండా పోతుంది. ఆడిట్ లాగును కూడా ఆయన రాకముందే మొదలుపెట్టండి, కే3ఎస్ దాన్ని తనంతట తాను రాయదు, పాలసీ ఫైలు ఇవ్వాలి. ఎవరు, ఎప్పుడు, దేన్ని ముట్టుకున్నారన్న స్థాయి చాలు. అభ్యర్థనల పూర్తి పాఠం రాయిస్తే రహస్యాలు లాగులోకి చేరతాయి. పదిహేనో రోజు సాయంత్రం ముందు పీరును, తర్వాత సర్వీస్ అకౌంట్‌ను తొలగించండి. ఆయన ఫోనులో ఉండగానే మరోసారి ప్రయత్నించమని అడగండి. టన్నెల్ కలవలేదని ఆయన చెప్పాకే ఆ పనిని ముగిసినట్టు రాసుకోండి.